చుట్ట సంగతి అడగలేదు: పొగ తాగే తల్లి, పాలు చాలని బిడ్డ

ఈ కేసులో బిడ్డకు ఎక్కువ హాని చేసింది తల్లి తాగిన పొగ కాదు, ఆ పొగ సంగతి బయటపడ్డాక ఆమెకు అందిన వైద్య సలహా. దానికి ముందు, ఆ సంగతి నాకు తెలియకుండా పోవడానికి నేను అడిగిన ప్రశ్నే కారణం. ఈ రెండింటినీ తోటి వైద్యుల ముందు, నర్సుల ముందు, ఆశా కార్యకర్తల ముందు ఉంచాలన్న ఉద్దేశంతో దీనిని రాస్తున్నాను. తల్లి అనుమతి తీసుకున్నాను. వారిని గుర్తుపట్టే వీలు లేకుండా కొన్ని వివరాలు మార్చాను, కొన్ని వదిలేశాను.

నేపథ్యం

నేను బెంగళూరు తూర్పు శివార్లలోని ఒక చిన్న ధర్మాసుపత్రిలో పిల్లల వైద్యురాలిని. వైట్‌ఫీల్డ్, సర్జాపుర వైపు లేచే అపార్ట్‌మెంట్లలో పనిచేసే కూలీలలో ఉత్తరాంధ్ర నుంచి వచ్చినవారు కూడా ఉన్నారు. తెలుగు మాట్లాడే డాక్టరమ్మ ఉందని ఒకరికొకరు చెప్పుకొని మా దగ్గరికి వస్తారు. ఈ తల్లి కూడా అలా వచ్చినామే. వయసు ముప్పయి లోపు, ఇది రెండో కాన్పు. నెలలు నిండాకే ప్రసవమైంది, ఆడపిల్ల, పుట్టినప్పటి బరువు 2.6 కిలోలు. సైటు పక్కనే రేకుల షెడ్డులో భర్త, అత్తగారు, పెద్దపిల్లవాడితో కలిసి ఉంటున్నారు.

మొదటిసారి వచ్చినప్పుడు బిడ్డకు పద్దెనిమిదో రోజు, బరువు 2.58 కిలోలు. పుట్టిన తరువాత తగ్గిన బరువును బిడ్డ పదో రోజుకో, మహా అయితే పద్నాలుగో రోజుకో తిరిగి అందుకోవాలి. ఈ పాప ఇంకా అందుకోలేదు. పాలు చాలడం లేదని, బిడ్డ పట్టుమని అరగంట నిద్రపోవడం లేదని తల్లి చెప్పింది. రోజుకు నాలుగైదు సార్లు మించి బట్టలు తడవడం లేదు.

నేను మామూలుగా చూసేవన్నీ చూశాను. రొమ్ము పట్టు సరిగా లేదు, పాప చనుమొన మాత్రమే పట్టుకుంటోంది. దానిని సరిచేశాను. నాలుకను కదలనివ్వకుండా పట్టే తీగ నాలుక కింద లేదు, గుండె చప్పుడు బాగుంది, కామెర్లు లేవు. తల్లి థైరాయిడ్ మందులేమైనా వాడుతోందా, గర్భనిరోధక మాత్రలు మొదలుపెట్టిందా అని అడిగాను. కేసు షీటులో ఉన్న మరో గడి ప్రకారం, "సిగరెట్ గానీ బీడీ గానీ తాగుతారా అమ్మా?" అని కూడా అడిగాను. లేదని చెప్పింది. ఆ గడిలో అడ్డగీత గీసి ముందుకు వెళ్లిపోయాను.

వారం తరువాత పాప బరువు 2.72 కిలోలు. అంటే రోజుకు 20 గ్రాములు. మొదటి మూడు నెలల్లో రోజుకు 20 నుంచి 30 గ్రాములు పెరగాలి కాబట్టి అంచు మీద ఉన్న అంకె. పట్టు కుదిరింది, ఇక పుంజుకుంటుందనుకొని, రోజుకు పది పన్నెండు సార్లు పట్టమని చెప్పి పంపాను. నిద్ర సంగతి తల్లి మళ్లీ ఎత్తింది. కొత్త పిల్లలు అంతే అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

సమస్య బయటపడిన తీరు

మళ్లీ వచ్చేసరికి పాపకు నలభై ఏడో రోజు. రెండు రోజులుగా నీళ్ల విరేచనాలు. బరువు 3.02 కిలోలు, అంటే గడిచిన ఇరవై రెండు రోజుల్లో సగటున రోజుకు 14 గ్రాములు కూడా పెరగలేదు. అత్తగారి చేతి సంచిలో పాలసీసా, 400 గ్రాముల పాలపొడి డబ్బా ఉన్నాయి.

డబ్బా ఎప్పుడు కొన్నారని అడిగితే, కొని పద్దెనిమిది రోజులైందని, ఇంకా కొంచెం మిగిలిందని ఆవిడ చెప్పారు. లెక్క అక్కడే తప్పింది. ఈ బరువున్న బిడ్డకు రోజుకు కిలోకు 150 మిల్లీలీటర్ల చొప్పున, 30 మిల్లీలీటర్ల నీటికి ఒక చెంచా పొడి కలిపితే ఆ డబ్బా ఆరు రోజులు వస్తే గొప్ప. కలిపి చూపించమన్నాను. సీసాలో వంద మిల్లీలీటర్ల దాకా నీళ్లు పోసి, ఒకే ఒక చెంచా పొడి, అదీ అంచుతో గీసి సమం చేసి, వేసి ఊపారు. నీళ్లు తెల్లగా కనబడ్డాయి గానీ అవి పాలు కావు.

తల్లిపాలు ఎందుకు మానిపించారని అడిగినప్పుడు అసలు విషయం వచ్చింది. మధ్యలో దగ్గు కోసం తల్లి వేరొక క్లినిక్‌కు వెళ్లింది. అక్కడ ఆమె దగ్గర పొగాకు వాసన గమనించి, పొగ తాగే తల్లి పాలు బిడ్డకు విషమని, తాగడమైనా మానమని, పాలివ్వడమైనా మానమని చెప్పారు. చుట్ట మానడం ఆమె చేతకాలేదు, పాలు మానేసింది. రాత్రి పూట బిడ్డ గుక్కపట్టి ఏడ్చినప్పుడు మాత్రం ఒకటి రెండుసార్లు భయపడుతూనే పట్టేది.

నాకు ముందే ఎందుకు చెప్పలేదని అడిగాను. ఆమె తల వంచుకొని, ఏమాత్రం తడుముకోకుండా అన్న మాట నా పుస్తకంలో అలాగే రాసుకున్నాను: "సిగరెట్టడిగినారు, బీడీ అడిగినారు. సుట్ట ఊసే ఎత్తనేదు కదమ్మా."

ఆమె తాగేది అడ్డపొగ. శ్రీకాకుళం, విశాఖ తీరప్రాంతాల్లో, ముఖ్యంగా ఆడవాళ్లలో ఉన్న అలవాటు ఇది. చుట్టను వెలిగించి, నిప్పున్న కొసను నోటిలోపల పెట్టుకొని, పెదవులు మూసి తాగుతారు. రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి, గాలికి నిప్పు ఆరదు. అమ్మమ్మకు చుట్ట వెలిగించి ఇస్తూ చిన్నప్పుడే నేర్చుకున్నానని, కింది దవడ పన్ను పోటు మొదలయ్యాక రోజుకు నాలుగు చుట్టల దాకా వచ్చిందని చెప్పింది. ఆమె వయసువాళ్లలో ఈ అలవాటు ఉంటుందని నేను ఊహించలేదు, అది ముసలివాళ్ల వ్యవహారమని అనుకున్నాను. నోరు తెరవమని టార్చి వేసి చూస్తే అంగుడు తెల్లబారి, మధ్యమధ్య ఎర్రటి చుక్కలతో ఉంది. మొదటి రోజే ఆ టార్చి వేసి ఉంటే సరిపోయేది. నేను బిడ్డ నోరు మాత్రమే చూశాను.

ఆలోచించిన తీరు

పొగాకులోని నికోటిన్ తల్లిపాలలోకి వెళ్తుంది, అందులో సందేహం లేదు. పాలు రక్తం కంటే కాస్త ఆమ్లం వైపు ఉంటాయి, నికోటిన్ క్షారం, అందుకే రక్తంలో కంటే పాలలో దాదాపు మూడు రెట్లు గాఢంగా చేరుతుంది. సుమారు గంటన్నరకు అందులో సగం తగ్గుతుంది. పాలు ఊరించే ప్రోలాక్టిన్ హార్మోన్ పొగ తాగే తల్లులలో తక్కువగా ఉంటుంది. పాల పరిమాణం, అందులోని కొవ్వు రెండూ తగ్గుతాయి. నిద్ర సంగతి కూడా తేలినదే. 2007లో అమెరికాలో వెలువడిన ఒక పరిశోధనలో, తల్లి పొగ తాగిన రోజున మూడున్నర గంటల వ్యవధిలో పిల్లలు సగటున 53 నిమిషాలే నిద్రపోయారు. తాగని రోజున 84 నిమిషాలు. మొదటి రోజు ఆమె చెప్పిన రెండు ఫిర్యాదులూ, పాలు చాలడం లేదన్నదీ, నిద్రపోవడం లేదన్నదీ, నన్ను నేరుగా పొగాకు దగ్గరికి తీసుకువెళ్లాల్సిన ఆనవాళ్లు.

ఇవన్నీ నిజమే అయినా, పాలు మానిపించడానికి ఇవి కారణాలు కావు. పొగ తాగే ఇంట్లోని బిడ్డకు చెవిపోటు, శ్వాసకోశ జబ్బులు, నిద్రలో హఠాన్మరణం వంటి ముప్పులు ఎక్కువ, తల్లిపాలు సరిగ్గా ఆ ముప్పుల మీదనే కాపు కాస్తాయి. పాలు మాన్పితే పొగ అలాగే ఉంటుంది, కాపు ఒక్కటే పోతుంది. అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2001లోనే, పాలిచ్చే తల్లులకు పనికిరాని పదార్థాల పట్టిక నుంచి నికోటిన్‌ను తీసివేసింది. పొగ మానడం మంచిది, మానలేకపోయినా పాలివ్వడం మంచిది. ఈ రెండో వాక్యం చెప్పడానికి మనకు నోరు రాదు, పొగకు అనుమతి ఇచ్చినట్టు ఉంటుందని జంకుతాము. ఆ జంకుకు ఈ పాప మూడు వారాల ఎదుగుదల పోగొట్టుకుంది.

ఇక చేయవలసిన పనులకు ఒక వరుస పెట్టుకున్నాను. విరేచనాలు మొదట, పాలు తరువాత, పొగాకు ఆ పైన. తల్లికి పొగాకు గురించి అప్పటికే భయం నిండా ఉంది. ఆ రోజే మళ్లీ దాని మీద పడితే ఆమె ఇక రాదేమోనని అనిపించింది.

పాపను ఒక పగలంతా మా దగ్గరే ఉంచి, జ్వరం గానీ మందకొడితనం గానీ లేవని నిర్ధారించుకున్నాము. తల్లిపాలు, ఓఆర్‌ఎస్ కొద్దికొద్దిగా పట్టించాము. పాలపొడిని వెంటనే ఆపేయాలని మొదట అనిపించింది, కానీ ఆపలేదు. రెండు వైపులా పట్టించి, తాగకముందు తాగిన తరువాత పాపను తూచితే వచ్చిన తేడా 20 గ్రాములే. ఆ పాలతో ఆ రోజు గడవదు. అందుకని పొడిని సరైన కొలతతో కలపడం అత్తగారికి నేర్పి, ప్రతిసారీ ముందు రొమ్ము రెండు వైపులా, తరువాతే పోతపాలు, అవీ సీసాతో కాకుండా ఉగ్గుగిన్నెతో పట్టాలని చెప్పాము. సీసా పీక అలవాటైన బిడ్డ రొమ్ము దగ్గర పేచీ పెడుతుంది కనుక సీసాను పూర్తిగా పక్కన పెట్టించాము. పిల్లలకు ఉగ్గుగిన్నెతో పట్టడం అత్తగారికి కొట్టిన పిండి. ఆ రోజు మొదటిసారి ఆవిడ ముఖంలో మా మీద కాస్త నమ్మకం కనబడింది.

పనిచేయనివి

పొగాకు విషయంలో మేము మొదట చేసినవేవీ నిలబడలేదు. అందులో మొదటిది ఆమె సొంత నిర్ణయమే. మర్నాడే నాలుగు చుట్టలూ ఒక్కసారిగా మానేసింది. మూడో రోజుకు తలనొప్పి, చిరాకు, పన్ను పోటు. పొద్దున చుట్ట పడనిదే దొడ్డికి వెళ్లే అలవాటు లేకపోవడంతో కడుపు బిగిసింది. భర్తతో గొడవపడి, సాయంత్రానికి రెండు చుట్టలు వరుసగా తాగి, ఇక పాలివ్వకూడదని తనకు తనే శిక్ష వేసుకుంది. ఆ రాత్రి అత్తగారు ఫోన్ చేశారు. పాలు పట్టమనే చెప్పాను.

రెండోది నా తప్పు. పొగ, పొగ అని నేను పదేపదే అనడం వల్ల, పొగ లేకపోతే చాలని ఆమె అర్థం చేసుకుంది. సైటులో తోటివాళ్లు ఇచ్చిన ఖైనీ బుగ్గన పెట్టుకోవడం మొదలుపెట్టింది. చుట్టలు రెండుకు తగ్గాయని నేను సంతోషించాను కూడా. పాప నిద్ర మాత్రం మరింత చెడింది. ఖైనీలో పొగ ఉండదు, నికోటిన్ ఉంటుంది, అదీ గంటల తరబడి నోటిపొర గుండా ఎక్కుతూనే ఉంటుంది, పాలలోకీ దిగుతూనే ఉంటుంది. ఈ సంగతి రెండో వారం చివర, ఆమె కొంగుముడి విప్పి డబ్బులు తీస్తుండగా పొట్లం జారిపడడంతో తెలిసింది.

మూడోది, పొగాకు మీది యావ తగ్గించడానికి ఇచ్చే నికోటిన్ చూయింగ్ గమ్, 2 మిల్లీగ్రాములది. దానిని కాస్త నమిలి, బుగ్గ పక్కన నిలుపుకొని, మళ్లీ నమలాలి. ఆమె తాంబూలంలా నమిలి మింగింది, గొంతు మండి ఎక్కిళ్లు పట్టాయి. పైగా నొప్పి ఉన్న పన్ను అదే వైపు.

పాలు పట్టే వేళల సలహా కూడా అనుకున్నంత తేలిక కాలేదు. సిగరెట్ తాగే తల్లులకు, పాలిచ్చిన వెంటనే తాగమని, మళ్లీ పాలిచ్చే లోపు వీలైనంత వ్యవధి ఉంచమని చెబుతాము. సిగరెట్ పొగ ఊపిరితిత్తుల నుంచి గబుక్కున ఎక్కుతుంది. చుట్ట పొగకు క్షారగుణం ఎక్కువ, నోటిపొర నుంచే నెమ్మదిగా, చాలాసేపు ఎక్కుతుంది. పైగా ఈమె సగం తాగి ఆర్పి, గంట తరువాత మళ్లీ వెలిగిస్తుంది. ఇక ఆ వ్యవధిని ఎక్కడి నుంచి లెక్కపెట్టాలి? చివరకు ఒకే మాట పెట్టుకున్నాము. ముందు బిడ్డకు పాలు, తరువాత చుట్ట, వెలిగించిన చుట్ట ఒక్క విడతలో అయిపోవాలి, మిగిలింది పారెయ్యాలి. అయినా ఈలోగా బిడ్డకు ఆకలైతే గడియారం చూడకుండా పట్టాలి. ఏడుస్తున్న బిడ్డను వేళ కాలేదని ఆపితే పాలు ఇంకా తగ్గుతాయి.

పనిచేసినవి

మలుపు పన్ను దగ్గర వచ్చింది. ఆమెకు చుట్ట అలవాటుతో పాటు నొప్పికి మందు కూడా అని ఆలస్యంగా అర్థమైంది. దంతవైద్యుడు పుచ్చిన దవడపన్ను తీసేశారు. పాలిచ్చే తల్లికి ఇబ్బంది లేని పారాసెటమాల్ మూడు రోజులు వాడింది. ఆ వారంలోనే పగటి చుట్ట ఒకటి ఎవరూ చెప్పకుండానే పోయింది.

తరువాత, చర్మానికి అంటించి కొద్దికొద్దిగా నికోటిన్ అందించే పట్టీ. పొగాకు మాన్పడానికి ఇచ్చే వరెనిక్లిన్, బుప్రోపియాన్ మాత్రలను పాలిచ్చే తల్లికి నేను ఎంచుకోలేదు. మొదటిదాని గురించి పాలిచ్చే తల్లులలో తగినంత సమాచారం లేదు, రెండోది వాడిన తల్లుల పిల్లలలో అరుదుగానైనా మూర్ఛ వచ్చిన ఉదంతాలు నమోదయ్యాయి. పట్టీలలో 21 మిల్లీగ్రాములది వేస్తే పాలలోకి వచ్చే నికోటిన్ దాదాపు సిగరెట్లు తాగినప్పటి అంతే ఉంటుంది. 14, 7 మిల్లీగ్రాములవి వేస్తే క్రమంగా తగ్గుతుంది. అందుకే 14తో మొదలుపెట్టి, పొద్దున పాలు పట్టాక అంటించి, రాత్రి పడుకునే ముందు తీసేయమన్నాము. ఒక పట్టీ ఖరీదుకు ఆమెకు చాలా రోజుల చుట్టలు వస్తాయి. ఆ ఖర్చును ఆసుపత్రి నిధి నుంచి భరించకపోతే ఈ మాట రాసే అవకాశమే ఉండేది కాదు.

రాత్రి పట్టీ తీసేయడం వల్ల పొద్దున నికోటిన్ అడుగంటుతుంది, కొత్త పట్టీ పనిచేయడానికి కొన్ని గంటలు పడుతుంది. కాబట్టి పొద్దుటి చుట్ట ఒక్కటి మిగిలిపోయింది. రాత్రంతా పట్టీ ఉంచితే అది పోతుందేమో, కానీ పాప ఎక్కువ పాలు తాగేది రాత్రే. ఒక చుట్టను ఒప్పుకొని రాత్రి పాలను తేలికగా ఉంచడమే మేలని నిర్ణయించాను.

పొగాకు మానాలనుకునేవారికి ఫోన్‌లో సాయం చేసే జాతీయ క్విట్‌లైన్ నంబరు 1800-11-2356 సిగరెట్ పెట్టెల మీద ఉంటుంది. ఈమె చుట్టలు ఊరి నుంచి న్యూస్‌పేపర్ పొట్లంలో వస్తాయి, వాటి మీద ఏమీ ఉండదు. ఆ నంబరుకు మా దగ్గర నుంచే ఫోన్ కలిపి, తెలుగులో మాట్లాడే కౌన్సిలర్‌తో మాట్లాడించాము.

పొగ ఇంట్లో చేరకుండా చూడడం ఇంటిల్లిపాది పని. కట్టుబడి పనిలో ఆడవాళ్లు చీర మీద మగవాళ్ల పాత చొక్కా వేసుకుంటారు. ఆ చొక్కానే పొగచొక్కాగా చేసుకున్నాము. చుట్ట తాగేటప్పుడు అదే తొడుక్కోవాలి, షెడ్డు బయట మేకుకు తగిలించాలి, చేతులు కడిగి నోరు పుక్కిలించాకే బిడ్డను ఎత్తుకోవాలి. భర్త బీడీ, అత్తగారి చుట్ట కూడా గుమ్మం అవతలే. పాపను తల్లి పక్కలో కాకుండా, చేయి చాపితే అందేంత దూరంలో వేరే పక్క మీద వెల్లకిలా పడుకోబెట్టమన్నాము. పొగ తాగేవారి పక్కలో పసిబిడ్డ నిద్రపోవడం హఠాన్మరణం ముప్పును పెంచుతుంది. ఇది వాళ్లకు అన్నిటికంటే కష్టమైంది, చలి రాత్రులలో రెండు మూడుసార్లు తప్పింది కూడా.

పాలు ఈలోగా తిరిగి వచ్చాయి. రెండు వారాలకే ఒకసారి తాగిన తరువాత తేడా 55 గ్రాములకు చేరింది, పాప బరువు 3.39 కిలోలైంది. పోతపాలు రోజుకొక పూట చొప్పున తగ్గిస్తూ పదకొండో వారానికి పూర్తిగా ఆపేశాము. అప్పటికి 3.8 కిలోలు. చుట్టలు ఇంకా పూర్తిగా మానకముందే పాలు పెరిగాయన్నది ఇక్కడ గమనించవలసిన విషయం. ఎక్కువసార్లు పట్టడమే ఆ పని చేసింది.

ఊళ్లో పెళ్లికి వెళ్లినప్పుడు మళ్లీ రోజుకు మూడు చుట్టలయ్యాయి. తిరిగి వచ్చాక దాచకుండా చెప్పింది. ఆ దాచకపోవడాన్ని చికిత్సలో వచ్చిన ఫలితంగానే లెక్కవేశాను. పట్టీ 7కు దించడాన్ని రెండు వారాలు వాయిదా వేశాము. ఆరో నెలకు పొద్దున సగం చుట్ట మిగిలింది, ఎనిమిదో నెలలో అదీ లేదు.

మార్చుకున్నవి

2016-17 వయోజనుల పొగాకు సర్వే ప్రకారం దేశంలో పొగ తాగే స్త్రీలు 2 శాతం, పొగలేని పొగాకు వాడేవారు 12.8 శాతం. అంటే సిగరెట్ తాగుతారా అన్న ప్రశ్న, పొగాకు వాడే తల్లులలో ఎక్కువమందిని వదిలేస్తుంది. మా కేసు షీటులో ఆ గడి తీసేశాము. ఇప్పుడు చుట్ట, అడ్డపొగ, బీడీ, ఖైనీ, జర్దా, నశ్యం, పొగాకు పళ్లపొడి అని పేరుపేరునా అడుగుతాము, "మీ ఇంట్లో ఎవరెవరు ఏమేమి వాడతారు?" అని ఇంటి నుంచి మొదలుపెట్టి తల్లి దగ్గరికి వస్తాము. ఏ జవాబు వచ్చినా వెంటనే చెప్పే మాట ఒకటే: పాలు మానకండి. ఆ మాట ముందు చెప్పాకే మిగతావి మాట్లాడతాము. బరువు పెరగని ప్రతి బిడ్డ తల్లికీ నోట్లో టార్చి వేసి చూస్తాము.

గత నెల పాప వచ్చినప్పుడు 7.4 కిలోలు తూగింది. ఉగ్గుతో పాటు తల్లిపాలు ఇంకా తాగుతోంది. తల్లి అంగుటి మీది తెలుపు కొంత తగ్గింది, ఎర్రచుక్కలు ఉన్నాయి, ఆరు నెలలకొకసారి దంతవైద్యుడు చూస్తారు. మేము టార్చి ఆర్పేలోగా అత్తగారు ముందుకు వచ్చి, ఎవరూ అడగకుండానే నోరు తెరిచారు. ఎడమవైపు అంగుట్లో మానని పుండు ఒకటి ఉంది. అది ఎన్నాళ్లుగా ఉందని అడిగితే, మనవరాలు పుట్టకముందు నుంచీ ఉందని చెప్పారు. అదే రోజు బయాప్సీకి పంపాము.